అరూషా సఫారీ: కంపెనీకి మూడు నక్షత్రాలు, డ్రైవర్‌కి అయిదు

వెళ్ళే ముందు సఫారీ కంపెనీల రివ్యూలు చాలానే చదివాను. అన్నిటిలోనూ సింహాల గోలే. సింహం కనిపిస్తే అయిదు నక్షత్రాలు, కనిపించకపోతే రెండు. సింహమేమీ కంపెనీ దగ్గర జీతం తీసుకోదు కదా! నేను ఆడిట్‌లో పనిచేసి రిటైరైన మనిషిని. ఎవరి పద్దు వాళ్ళకే రాయాలంటాను. అందుకని ఇక్కడ కంపెనీ పద్దు వేరు, డ్రైవర్ పద్దు వేరు, అడవి పద్దు వేరు.

మేము తీసుకున్నది ఉత్తర టాంజానియాలో ప్రైవేట్ సఫారీ. చివరికి తిరిగిన దారి ఇది: అరూషా ఊళ్ళో బయల్దేరి తరంగిరే పార్కు, అక్కణ్ణుంచి ఎన్‌డూటు మైదానాలు, సెరెంగెటి పార్కు నడిబొడ్డున ఉన్న సెరోనెరా, తిరుగుదారిలో అగ్నిపర్వతపు గిన్నె ఎన్‌గోరోంగోరో క్రేటర్, మళ్ళీ అరూషా. నెల ఫిబ్రవరి. బండిలో నేను, మా ఆయన, డ్రైవర్, అంతే. మనిషికి రోజుకు 400 డాలర్ల పైచిలుకు పడింది. కంపెనీ పేరు రాయను. అరూషాలో ఇలాంటి కంపెనీలు కోకొల్లలు, పేరు తెలిసినా తెలియకపోయినా నేను చెప్పే విషయం మారదు.

ఆ 400 అంకె చూసి అంతా కంపెనీ జేబులోకే పోతుందనుకోకండి. మేము వెళ్ళినప్పుడు సెరెంగెటి ప్రవేశం పెద్దవాళ్ళకి 24 గంటలకు 70 డాలర్లు, దాని మీద 18 శాతం వ్యాట్. పార్కు లోపల రాత్రి ఉంటే దానికి ఇంకో రుసుము. ఎన్‌గోరోంగోరో వేరే సంస్థ అధీనంలో ఉంటుంది, దాని ఫీజు దానిదే. సెరెంగెటికి పోయే రోడ్డు దాని మీదుగానే వెళ్తుంది కాబట్టి, ఏమీ చూడకుండా దాటిపోయినా కట్టాల్సిందే. క్రేటర్ అడుగుకి బండి దిగితే బండికి 250 డాలర్లు, పైన మళ్ళీ వ్యాట్. ఇద్దరే ఉన్నా అంతే, ఆరుగురు ఉన్నా అంతే. అందుకే జంటగా వెళ్ళేవాళ్ళకి ప్రైవేట్ బండి అంత ఖరీదు.

కొటేషన్ అడిగినప్పుడు ఇవన్నీ విడివిడిగా రాసి పంపమన్నాను. రెండు మూడు కంపెనీలు "అంతా కలిపే మేడం, టెన్షన్ పడకండి" అని తప్పించుకున్నాయి. ఈ కంపెనీ మాత్రం గంటలో పట్టిక పంపింది: పార్కు ఫీజులు, బస, బండి, డ్రైవర్, డీజిల్, దేనికది. వీళ్ళని ఎంచుకోవడానికి కారణం అదొక్కటే. తర్వాత ఎంత విసిగించినా ఆ మార్కు మాత్రం వాళ్ళకి ఉంచాను.

బండి పొడుగు చేసిన ల్యాండ్ క్రూజర్. పైకప్పు లేస్తుంది, దాని కింద నిలబడి చూడొచ్చు. మెట్టు ఎత్తు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందే చెప్పి చిన్న పీట పెట్టించుకోండి. మాకు అడిగిన రోజే ప్లాస్టిక్ స్టూలు తెచ్చాడు డ్రైవర్, కంపెనీది కాదు, తన ఇంటిది. ఫ్రిజ్ ఉందని కాగితంలో రాశారు. ఫ్రిజ్ ఉంది, చల్లబడదు. బైనాక్యులర్లు ఇద్దరికీ ఇస్తామని రాసి ఒక్కటే పెట్టారు. మా ఆయన దాన్ని మెడలో వేసుకుని తీయరు. అంటే నాకు లేనట్టే. ఎవరివి వాళ్ళు తీసుకెళ్ళడం మంచిది. 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేవి) చాలు, అంతకంటే పెద్దవైతే కదిలే బండిలో చెయ్యి వణికి ఏమీ కనిపించదు.

తరంగిరే గురించి ఎక్కువ చెప్పను. ఏనుగుల పార్కని పేరు. కానీ ఆ ఏనుగులు నది దగ్గర గుంపులు కట్టేది జూన్ నుంచి అక్టోబరు దాకా, అక్కడి ఎండాకాలంలో. వానలు పడి బయట కూడా నీళ్ళు దొరికాక చెదిరిపోతాయి. కంపెనీ వాళ్ళ వెబ్‌సైట్‌లో మాత్రం ఏడాది పొడుగునా వందల ఏనుగుల ఫోటోనే. డ్రైవర్ గేటు దగ్గరే చెప్పేశాడు, "ఈ నెలలో ఏనుగులు తక్కువ, చెట్లు చూడండి" అని. చూశాం. బావోబాబ్ మానులు, ఒక్కోదాని మొదలు చుట్టూ ఏనుగులు దంతాలతో బెరడు చీల్చిన గాట్లు, మనిషి ఎత్తుకు పైదాకా. ఎండాకాలంలో తడి కోసం అలా చీలుస్తాయట. ఏనుగులూ కనిపించాయి, ఒక కుటుంబం. ఈగలు మాత్రం దండిగా ఉన్నాయి. కుట్టే ఈ సెట్సీ ఈగలు ముదురు నీలం, నలుపు రంగులకి వస్తాయి. పార్కులో అక్కడక్కడా నీలం నలుపు గుడ్డలకి మందు పూసి వేలాడదీసేది అందుకే. మా ఆయన కొత్త నీలం రంగు జీన్ చొక్కా వేసుకున్నారు. నేనేమీ అనలేదు.

ఇక డ్రైవర్ సంగతి. వయసు నలభై పైన. మాటలు తక్కువ. మా ఆయన్ని "మ్జే" అని పిలిచేవాడు, అక్కడ పెద్దవాళ్ళని గౌరవంగా అలాగే పిలుస్తారు. బండిలో రేడియో ఉంటుంది, డ్రైవర్లందరూ స్వాహిలీలో ఒకరికొకరు కబుర్లు చేరవేసుకుంటారు. మా ఆయన మొదటిరోజే "సింబా" అంటే సింహమని నేర్చుకుని, రేడియోలో ఆ మాట వినపడగానే సీటు మీద లేచి నిలబడటం మొదలుపెట్టారు. రెండోరోజు నుంచి ఆ మాట రేడియోలో వినపడటం మానేసింది. ఏం జరిగిందో డ్రైవర్ నవ్వు చూస్తేనే తెలిసిపోయింది.

ఎన్‌డూటు దగ్గర ఆ మనిషి విలువ తెలిసింది. వైల్డ్‌బీస్ట్ (ఆవులా కనిపించే ఒక జింక జాతి) మందల వలస అనగానే అందరికీ గుర్తొచ్చేది మారా నదిలో మొసళ్ళ మధ్య దూకడం. అది జూలై నుంచి అక్టోబరు మధ్య, ఉత్తరాన. జనవరి చివర నుంచి మార్చి దాకా ఆ మందలన్నీ దక్షిణాన ఈ పొట్టిగడ్డి మైదానాల్లో ఉంటాయి, ఈనడానికి. దాదాపు పదమూడు లక్షల వైల్డ్‌బీస్ట్‌లు, వెంట లక్షల్లో చారల గుర్రాలు. ఎన్‌గోరోంగోరో వైపు అగ్నిపర్వతాలు ఎప్పుడో కక్కిన బూడిద అక్కడి నేలంతా పరుచుకుంది. ఆ గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ. పాలిచ్చే తల్లులకి కావలసింది అదే. గడ్డి పొట్టిగా ఉండటంతో పొంచి ఉన్న మృగం దూరం నుంచే కనబడుతుంది. పైగా అన్నీ ఇంచుమించు ఒకే రెండు మూడు వారాల్లో ఈనేస్తాయి. సింహాలు, హైనాలు ఎంత తిన్నా తినలేనన్ని దూడలు ఒక్కసారే పుడతాయి.

ఎన్‌డూటులో ఎక్కువ భాగం ఎన్‌గోరోంగోరో సంరక్షణ ప్రాంతంలోకి వస్తుంది. సెరెంగెటిలో రోడ్డు దిగకూడదు, ఇక్కడ గడ్డిలోకి బండి పోనిస్తారు. వినడానికి బాగుంటుంది. చూస్తే వేరు. ఒక చీతా చెదపుట్ట మీద కూర్చుని మంద వైపు చూస్తోంది. చుట్టూ పది పన్నెండు బండ్లు. ఇంజన్లు ఆపలేదు, పైకప్పుల్లోంచి కెమెరాలు, ఒక బండి చీతాకీ మందకీ మధ్యలోకే వెళ్ళి ఆగింది. మా డ్రైవర్ దూరంగానే ఆపి ఇంజన్ కట్టేశాడు.

"ఇంకాస్త దగ్గరికి పోనిమ్మనవే," అన్నారు మా ఆయన నాతో, అతనికి తెలుగు వచ్చేసినట్టు గొంతు తగ్గించి.

డ్రైవర్‌కి విషయం అర్థమైపోయింది. "అది వేటకి చూస్తోంది, మ్జే. ఎక్కువగా పగలే వేటాడుతుంది కాబట్టి మనం అడ్డమొస్తే దాని పూట పోతుంది. ఇప్పటికే పోయింది." అన్నాడు. కాసేపటికి చీతా లేచి, మందకి వీపు తిప్పి వెళ్ళిపోయింది. బండ్లన్నీ దాని వెనకే బయల్దేరాయి. మా బండి అటు వెళ్ళలేదు. మా ఆయన మొహం మాడ్చుకున్నారు.

డ్రైవర్ మమ్మల్ని తీసుకెళ్ళింది మంద అంచుకి. ఏమీ చెప్పలేదు, ఒక ఆడ వైల్డ్‌బీస్ట్ వైపు వేలు చూపించి బండి ఆపాడు. దాని తోక కింద రెండు చిన్న డెక్కలు బయటికి వచ్చి ఉన్నాయి, తెల్లగా, తడిగా. అది అలాగే నాలుగు అడుగులు నడుస్తుంది, పడుకుంటుంది, లేస్తుంది, గడ్డి కూడా పీకుతుంది. మూడోసారో నాలుగోసారో పడుకున్నప్పుడు దూడ జారి నేల మీద పడింది. తల్లి బూడిద రంగు, దూడ లేత గోధుమ రంగు, మీద పొర మెరుస్తోంది. తల్లి నాకడం మొదలుపెట్టేలోపే దూడ లేవబోయింది. ముందుకాళ్ళు మడతపడి మూతి నేలకి కొట్టుకుంది. మళ్ళీ లేచింది, ఈసారి వెనకకాళ్ళు తడబడి పక్కకి ఒరిగింది. కొంచెం దూరంలో గుంటనక్క ఒకటి కూర్చుని ఉంది, ఈనాక పడే మాయ కోసం రాబందులు రెండు. మా ఆయన కెమెరా దించేసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. పది నిమిషాలు గడవక ముందే దూడ నాలుగు కాళ్ళ మీద నిలబడి పొదుగు వెతుక్కుంటూ తల్లి ముందుకాళ్ళ మధ్య మూతి పెట్టింది. తల్లి ఆగదు, నడుస్తూనే ఉంది. దూడకి పాలకంటే ముందు నడక వచ్చింది.

ఆ ఆడదే ఈనబోతోందని ఎలా తెలిసిందని అడిగాను. "మంద అంతా ఒకవైపు మేస్తోంది, అది మాత్రం మాటిమాటికీ వెనక్కి తిరిగి తన నడుము వాసన చూసుకుంటోంది" అన్నాడు. అంత దూరం నుంచి, బండి నడుపుతూ. కొటేషన్‌లో ఈ కన్నుకి విడిగా ఒక వరుస లేదు, "డ్రైవర్" అని రాసి రోజుకి ఒక అంకె వేశారు. రేడియో విని అందరూ పోయేచోటికి పోయే డ్రైవర్‌కైనా అదే అంకె.

ఇప్పుడు కంపెనీ మీద నా ఫిర్యాదు. మా కాగితంలో మందల కోసం ఉంచిన రాత్రుళ్ళన్నీ ఎన్‌డూటు టెంట్ క్యాంపులోనే అని ఉంది. మొదటి రాత్రి తర్వాత ఆఫీసు నుంచి డ్రైవర్‌కి ఫోన్: క్యాంపులో గదులు నిండిపోయాయి, రెండో రాత్రి సెరోనెరాకి మార్చాం, "ఇంకా మంచి క్యాంపు" అని. మంచిదే కావచ్చు, కాదనను. కానీ సెరోనెరా అంటే రెండు గంటలకు పైగా గతుకుల రోడ్డు, మందలకి దూరంగా. ఒక్కో గంటకీ డబ్బు కట్టి వచ్చిన చోట ఒక పూట రోడ్డు పాలైంది. పైగా ఎన్‌డూటు ఒక సంస్థ కింద, సెరోనెరా ఇంకో సంస్థ కింద. హద్దు దాటితే కొత్త ఫీజు మొదలు. ఆ తేడా ఎవరు కడతారని అడిగితే "అడ్జస్ట్ చేస్తాం మేడం" అన్నారు. అడ్జస్ట్ అనే పద్దు నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. నాబి హిల్ గేటు దగ్గర నిలబడి వాట్సాప్‌లో రాయించుకున్నాను, తేడా మొత్తం కంపెనీదే అని. తర్వాత కట్టారు, ఆలస్యంగా, నాలుగు మెసేజీలు పెట్టించుకుని.

సెరోనెరా వెళ్ళినందుకు చిరుతపులి కనిపించింది, అది వేరే లెక్క. అక్కడి నది ఒడ్డున చెట్ల మీద పగలంతా పడుకుని ఉంటుంది. కొమ్మకి ఇటు రెండు కాళ్ళు అటు రెండు కాళ్ళు వేలాడేసి నిద్రపోతోంది. తోక మాత్రం కదులుతోంది. అరగంట చూశాం. రాతిగుట్టల మీద సింహాలు కూడా చూశాం, అవి నిద్ర. సింహాలు రోజులో ఎక్కువ భాగం నిద్రలోనే గడుపుతాయి. రివ్యూల్లో ఎవరూ రాయని సంగతి ఇది.

క్యాంపు గురించి: బయట గుడ్డ టెంటు, లోపల మంచం, దుప్పటి, సోలార్ లైటు. వేడినీళ్ళు అడిగినప్పుడు బకెట్‌తో తెచ్చి టెంటు వెనక పైన ఉన్న సంచిలో పోస్తారు, మీరు లోపల కొళాయి తిప్పుకోవాలి. కంచె ఉండదు. చీకటి పడ్డాక భోజనానికి వెళ్ళాలన్నా టార్చి ఊపి కాపలా మనిషిని పిలవాల్సిందే, ఒంటరిగా అడుగు బయటపెట్టనివ్వరు. రాత్రంతా హైనాల కూత. మా ఆయనకి నిద్ర పట్టలేదు, నాకు బాగానే పట్టింది.

ఎన్‌గోరోంగోరో క్రేటర్ ఒక అగ్నిపర్వతం కూలి ఏర్పడిన గిన్నె. అడుగు సుమారు 260 చదరపు కిలోమీటర్లు, గోడలు 600 మీటర్ల లోతు. అంచు సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకి పైన ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున చలి వణికిస్తుంది, ఆఫ్రికా కదా అని పల్చటి బట్టలతో రాకండి. గేటు తెరవగానే దిగమని డ్రైవర్ పట్టుబట్టాడు, టిఫిన్ కూడా డబ్బాలో కట్టించాడు. ఆ గంటన్నర సేపు కింద బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తొమ్మిది దాటాక రోడ్డు నిండిపోయింది. ఖడ్గమృగం కనిపించింది, బూడిద రంగు చుక్కలాగా. రోడ్డు దిగడానికి వీల్లేదు, అది దగ్గరికి రాదు. బైనాక్యులర్లు మా ఆయన మెడలోనే ఉన్నాయి, ఆ ఒక్కసారి లాక్కున్నాను. జిరాఫీలు ఎందుకు లేవని మీరు కూడా అడుగుతారేమో, అవి ఆ నిటారు గోడలు దిగలేవు, దిగినా మేయడానికి కింద తుమ్మచెట్లు తక్కువ.

మధ్యాహ్న భోజనం చెరువు గట్టున, నీటిగుర్రాలు మునిగి తేలే చోట. అక్కడి గద్దలు మహా గడుసువి. "బండిలోనే తినండి" అని డ్రైవర్ చెప్పాడు. మా ఆయన గాలి బాగుందని బయట నిలబడ్డారు. శాండ్‌విచ్ నోటి దగ్గరికి వెళ్ళకముందే గద్ద ఎత్తుకుపోయింది, వేలికి చిన్న గీత కూడా. నిజానికి ఆ శాండ్‌విచ్ పోయినందుకు బాధపడాల్సిందేమీ లేదు. కంపెనీ లంచ్ బాక్సుల్లో రోజూ అదే: చల్లటి శాండ్‌విచ్, ఉడికిన గుడ్డు, అరటిపండు, కేకు ముక్క, జ్యూస్ డబ్బా. మాంసం వద్దని ముందే రాసినా రెండుసార్లు కోడిముక్క వచ్చింది, అది డ్రైవర్ తిన్నాడు, తన డబ్బాలో గుడ్డు నాకిచ్చాడు. రాత్రి భోజనాలు మాత్రం బాగున్నాయి. చపాతీ, బీన్స్ కూర, కొబ్బరిపాలలో వండిన ఆకుకూర అడిగినంత పెట్టారు.

ఆడవాళ్ళకి ఒక మాట. మరుగుదొడ్లు గేట్ల దగ్గర, భోజనాల చోట్ల తప్ప ఎక్కడా ఉండవు, మధ్యలో మూడు గంటలు పట్టొచ్చు. అవసరమైతే చెప్పండి, మొహమాటపడొద్దు. మా డ్రైవర్ ముందు చుట్టూ చూసి, బండి వెనక్కి ఒకసారి నడిచి వచ్చి, సరేనని చెప్పి తను ముందువైపు తిరిగి నిలబడేవాడు. నీళ్ళు తాగడం మానేసి కూర్చుంటే తలనొప్పి తప్ప లాభం లేదు.

టిప్పు విషయంలో కంపెనీ కాగితం బండికి రోజుకు 20 నుంచి 30 డాలర్లు అంటుంది. మేము పై అంకె వేసి ఇంకొంచెం కలిపి అతని చేతికే ఇచ్చాం, ఆఫీసు కవరులో కాదు. మేము వెళ్ళినప్పుడు బాగా పాత డాలర్ నోట్లు అక్కడ తీసుకోలేదు, నలిగినవీ తీసుకోలేదు. కెన్యాలో ఉండి టాంజానియాలోకి వచ్చేవాళ్ళని ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు, టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. ప్లాస్టిక్ సంచులు 2019 నుంచి నిషేధం, సూట్‌కేసులో బట్టలు చుట్టినవి కూడా ముందే తీసేయండి.

అడ్వాన్సు కట్టే ముందు కంపెనీని మూడు అడగండి. క్యాంపు పార్కు లోపలా బయటా, గదులు నిండితే ఏ క్యాంపుకి మారుస్తారు, తేడా ఫీజు ఎవరిది. వీటికి జవాబు రాతలో తీసుకోండి. నాలుగోది నేను అడగలేదు, ఈసారి అదే ముందు అడుగుతాను: డ్రైవర్ ఎవరు, ఈ దారిలో ఎన్నేళ్ళుగా తిరుగుతున్నాడు. మా ఆయనకి మారా నది చూడాలని ఉంది, ఆగస్టుకి లెక్కలు వేస్తున్నారు. వెళ్తే ఇదే డ్రైవర్‌తో వెళ్తాం. అతను ఈలోపు వేరే కంపెనీకి మారి ఉంటే, డబ్బు ఆ కంపెనీకే కడతాం.